పేరు పలకకపోతే నంబరును అడగాలి

మన హాస్టల్లో ప్రతి ఒక్కరికీ ఒక పేరుంది, రిజిస్టరులో ఒక నంబరుంది. కంప్యూటర్ల లోకమూ అంతే. మనం సర్వర్‌ను పేరుతో పిలుస్తాం. నెట్‌వర్క్‌కు కావలసింది ఐపీ నంబరు. పేరును నంబరుగా మార్చే పనిని ఇప్పటి కంప్యూటర్లు మన కంటపడకుండా చేసేస్తాయి. అందుకే అది ఆగిపోయిన రోజున చాలామందికి దిక్కు తోచదు.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! ఈ పనిని విప్పి చూపడంలో పాత డాస్ నెట్‌వర్క్ బూట్ డిస్కును మించిన గురువు లేదని మా అభిప్రాయం. 1.44 ఎంబీ ఫ్లాపీలో మైక్రోసాఫ్ట్ నెట్‌వర్క్ క్లయింట్ 3.0 పెట్టుకుంటే, కార్డు డ్రైవరు మొదలు ప్రతిదీ మనమే చేర్చాలి.

ముందుగా సర్వర్ నంబరుకు పింగ్ కొట్టాలి. జవాబు వస్తే వైరు, కార్డు, డ్రైవరు బాగున్నట్టే. లోపం పేరు దగ్గరే ఉంది. అప్పుడు అది ఏ రకం పేరో చూడాలి. ఫోల్డర్లు పంచుకునే నెట్‌బయోస్ పేరైతే, కంప్యూటరు తన నెట్‌వర్క్‌లో అందరికీ వినబడేలా కేకవేస్తుంది. ఆ కేక మామూలుగా రౌటర్ దాటదు. దాటవలసివస్తే ఎల్ఎంహోస్ట్స్ ఫైలులో నంబరూ పేరూ రాసిపెట్టాలి. చుక్కలున్న డొమైన్ పేరైతే, టీసీపీయుటిల్స్ ఫైలులో నేమ్ సర్వర్ నంబరు రాసి, డీఎన్ఆర్ అనే ప్రోగ్రామును నడపాలి. ఒకదాని మందు రెండోదానికి పనిచేయదు.

"ఈ రోజుల్లో ఫ్లాపీ ఎవరికి కావాలి?" అని అడగవచ్చు. నిజమే, ఫ్లాపీతో ఉద్యోగం రాదు. కానీ డొమైన్ పేర్ల పద్ధతి 1983లో రూపుదిద్దుకుంది. నేటి సెల్‌ఫోన్ కూడా దానిమీదే నడుస్తోంది. నంబరు పలుకుతోందా, పేరు పలుకుతోందా అని వరుసగా వెతికే అలవాటు ఎప్పటికీ పాతబడదు.

టైపింగు, ప్రింటింగు నేర్పి, కంప్యూటర్ వచ్చేసిందని మన పిల్లలను సరిపెట్టడం మాకు నచ్చదు. మీట నొక్కడం మన వంతు, లోపల చూడటం ఇంకొకరి వంతు అని ఎవరు పంచారు? డబ్బు పెట్టి కోచింగు కొనలేని మనకు విప్పి చూడటమే కోచింగు.

కాబట్టి పూర్వ విద్యార్థులకు మా మనవి ఒక్కటే. మూలపడిన పాత కంప్యూటర్లను తుక్కు కింద అమ్మకండి. ఒకటి హాస్టలుకు ఇవ్వండి, ఒక ఆదివారం వచ్చి కూర్చోండి. ఫ్లాపీ డ్రైవు లేకపోతే వర్చువల్ మెషీన్ చాలు. పాఠం మాత్రం పిల్లల చేతులతోనే జరగాలి.