దూరపు గొంతు వినే చెవి



మన పరిగి ప్రక్కగా పారే పెన్న ఎక్కడికి పోతుందో మీ పిల్లలను అడిగి చూడండి. నెల్లూరు జిల్లాలో బంగాళాఖాతములో కలుస్తుందని బడిలో చదివినవారు చెబుతారు. ఏటిలో నీళ్లకంటె ఇసుకనే ఎక్కువగా చూచే మనకు సముద్రమంటే సెలవుల్లో ఒకమారు వెళ్లివచ్చే చోటు. ఈసారి మైపాడుకో, సూర్యలంకకో, మంగినపూడికో కుటుంబముగా వెళ్లేటప్పుడు, అటక మీద దుమ్ముపట్టిన పాత ట్రాన్సిస్టరును కూడ సంచిలో పెట్టుకోండి. ఎందుకో చెబుతాను.

దూరపు రేడియో స్టేషన్లను వెదకి వినడము ఒక వ్యాపకముగా పెట్టుకొన్నవారు లోకమంతటా ఉన్నారు. దానిని డీఎక్స్ అంటారు. తంతి కాలము నుండి వచ్చిన పొట్టి మాట అది. దూరమని దాని భావము. వీరిలో అనేకులు పనిగట్టుకొని సముద్రపు ఒడ్డుకు పోతారు. ఉప్పునీటిలో విద్యుత్తు బాగుగా ప్రవహిస్తుంది. కాబట్టి నేలమీద త్వరగా బలము తగ్గిపోయే మీడియం వేవ్ తరంగము సముద్రము మీద చాలా దూరము సాగిపోతుంది. పైగా ఊరిలో మోటార్లు, ట్యూబులైట్లు, ఫోను చార్జర్లు పుట్టించే గరగర అక్కడ ఉండదు.

ఇక రాత్రివేళ సంగతి చూడండి. పగలు సూర్యరశ్మి వలన పై ఆకాశములో ఒక పొర ఏర్పడి మీడియం వేవ్ తరంగాలను మింగివేస్తుంది. ప్రొద్దు గ్రుంకగానే ఆ పొర కరిగిపోతుంది. అప్పుడు తరంగాలు దానికంటె పైనున్న మరొక పొరదాకా వెళ్లి, అక్కడనుండి వంగి, వందల మైళ్ల అవతల దిగుతాయి. పగలు మూగగా ఉన్న ముల్లు రాత్రి మాట్లాడటానికి కారణము ఇదే. సెట్టును మెల్లగా ప్రక్కకు త్రిప్పి చూడండి. లోపలి ఏరియల్ దిక్కునుబట్టి గొంతు పెరుగుతుంది, తగ్గుతుంది. ఉప్పుగాలి తగలకుండ ఒక ప్లాస్టిక్ కవరు చుట్టడము మరువవద్దు.

1901 డిసెంబరు 12న మార్కోనీ కూడ కెనడా తీరాన ఒక కొండమీదనే కూర్చున్నాడు. గాలిపటానికి తీగ కట్టి పైకెగురవేసి, అట్లాంటిక్ సముద్రానికి అవతలనున్న ఇంగ్లాండు నుండి మూడు చుక్కల సంకేతము విన్నానని చెప్పాడు.

మన తెలుగువారికిది క్రొత్త కాదు. కొలంబో నుండి సముద్రము దాటి వచ్చిన రేడియో సిలోన్ తెలుగు పాటల కొరకు పెద్దలు సెట్టు చుట్టు చేరిన దినాలు చాలామందికి జ్ఞాపకమే. 1972లో ఆ సంస్థ శ్రీలంక బ్రాడ్‌కాస్టింగ్ కార్పొరేషన్ అయినా, మనవారి నోట సిలోనుగానే నిలిచింది. అలాగే హిందూ మహాసముద్రములోని సీషెల్స్ దీవుల నుండి ఫెబా రేడియో 1970లో ప్రసారాలు ప్రారంభించింది. దాని ఏరియల్ స్తంభాలను సముద్రములోనే, పగడపు దిబ్బమీద నిలబెట్టారు. అక్కడి షార్ట్ వేవ్ ప్రసారాలు 2003లో ఆగిపోయాయి. గుడి లేని పల్లెలో, చదువు రాని తల్లి కూడ వాక్యము వినడానికి ఆ కాలములో రేడియో ఒక దారి అయింది.

ఈ వ్యాపకములో నాకు మిక్కిలి నచ్చినది రిపోర్టు వ్రాయడము. స్టేషను విన్నవారు తేదీ, సమయము, ఏ మీటరు దగ్గర విన్నది, ఏ కార్యక్రమము వచ్చినది, గొంతు ఎంత స్పష్టముగా ఉన్నది అని వ్రాసి పంపుతారు. సరిపోతే స్టేషనువారు క్యూఎస్ఎల్ అనే కార్డు పంపుతారు. వినని దానిని విన్నట్టు వ్రాస్తే ఆ కార్డుకు విలువ లేదు. గరగరలో సగమే వినబడితే సగమే వ్రాయాలి. ఇరుగుపొరుగు మాటలు మోసేటప్పుడు మనము ఈ నియమము పాటిస్తే ఎన్ని తగవులు తప్పును!

వినడానికి అనుమతి అక్కరలేదు గాని, మాట్లాడటానికి పరీక్ష వ్రాసి లైసెన్సు తీసుకోవాలి. అట్టివారిని హామ్‌లు అంటారు. 2004 డిసెంబరులో హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరపున భారతీ ప్రసాద్ గారు, తోటి హామ్‌లు అండమానులోని పోర్ట్‌బ్లెయిర్‌కు వెళ్లారు. దూరదేశాల హామ్‌లతో మాట్లాడటమే వారి ఉద్దేశము. డిసెంబరు 26న సునామీ వచ్చింది. టెలిఫోన్లు మూగవోయాయి. సరదాకు తీసికొనిపోయిన ఆ రేడియోయే దీవులనుండి ప్రధాన భూమికి కబురు చేర్చే సాధనమైంది. తమవారు బ్రతికియున్నారో లేదో తెలియక తల్లడిల్లుతున్న కుటుంబాలకు ఆ కబురు ఎంతటిదో ఆలోచించండి. రోజూ చెవి సాధన చేసినవారు గనుకనే ఆ దినాన అక్కరకు వచ్చారు.

మన ఇండ్లలోను దూరపు గొంతులు ఉన్నాయి. బెంగుళూరులో గార్మెంట్స్ పనికి పోయిన కూతురు రాత్రి ఎనిమిదింటికి ఫోను చేస్తుంది. ఇక్కడ టీవీ మ్రోగుతుంటుంది. "బాగున్నావామ్మా, అన్నం తిన్నావా" అని నాన్న అడుగుతాడు. "ఊఁ, తిన్నాను నాన్నా" అంటుంది. ఆ "ఊఁ" వెనుక ఒక కన్నీటి చుక్క ఉండవచ్చును. గరగరను దాటి వినే చెవి లేకపోతే అది మనకు చేరదు. తొందరపడి ముల్లు త్రిప్పేవానికి దూరపు స్టేషను ఎన్నడును దొరకదు గదా.

కాబట్టి సముద్రపు ఒడ్డున పిల్లలను చుట్టు కూర్చోబెట్టుకొని, ఒక రాత్రి ఆ ముల్లును నిదానముగా త్రిప్పండి. ఏ స్టేషను దొరికినా దొరకకపోయినా, పావుగంటసేపు ఇంటిల్లిపాది నోరు మూసికొని చెవి ఒగ్గడము నేర్చుకొంటారు. ఇంటికి వచ్చాక, ఫోను మ్రోగినప్పుడు టీవీ ఆపండి.