నౌక చేరిన తీరమేది?

కథకు ముగింపు కావలెనని పాఠకుడు కోరుట సహజము. కాని మహాకథలు ఆ కోరికను సగమే తీర్చును. శత్రువు కూలినాడు, రాజ్యము నిలిచినది, గెలిచినవాడు ఏమైనాడు? భారతము ఈ ప్రశ్నను స్వర్గారోహణపర్వము దాక విడువలేదు. అద్భుతకథను ఇతిహాసస్థాయికి ఎత్తిన ఆంగ్ల రచయిత జె. ఆర్. ఆర్. టోల్కీన్ కూడ దీనిని తప్పించుకొనలేదు. 1954, 1955 సంవత్సరములలో మూడు సంపుటములుగా వెలువడిన ఆయన ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ ముగింపును గూర్చి పాఠకలోకములో నేటికిని వాదము నడచుచునే యున్నది. ఫ్రోడో ఎక్కిన నౌక చేరినది స్వర్గమా? ఆ ప్రయాణము మరణమునకు మారుపేరా?

కథ తెలిసినదే. దుష్టశక్తికి ఆయువుపట్టయిన ఉంగరమును అగ్నిపర్వతములో పడవేయుటకు పూనుకొన్నవాడు ఫ్రోడో, హాబిట్ అను పొట్టి జాతివాడు. కడపటి క్షణమున అతడే దానికి లొంగిపోయినాడు. గోలమ్ అతని వ్రేలు కొరికి, ఉంగరముతో కూడ అగ్నిలో పడుటచేతనే లోకము దక్కినది. ఇల్లు చేరిన ఫ్రోడోకు శాంతి లేదు. అక్టోబరు 6న తగిలిన కత్తిపోటు, మార్చి 13న తగిలిన సాలీడు కాటు ఆ దినములు వచ్చినప్పుడెల్ల తిరుగబెట్టినవి. గాయములకు తిథులు ఏర్పడినవి. తుదకు గాండాల్ఫ్, ఎల్రాండ్, గలాద్రియేల్, వృద్ధుడైన బిల్బోలతో కలిసి అతడు పడమటి సముద్రమును దాటిపోయినాడు.

ఆ పడమటి భూమి ఎట్టిది? రచయిత 1973లో మరణించిన పిదప, కుమారుడు క్రిస్టఫర్ 1977లో ప్రకటించిన ‘సిల్మరిలియన్’లో దీనికి సమాధానము కలదు. ఎల్ఫులు లోకమున్నంతకాలము లోకమునకు బద్ధులు. హతులైనను వారి ఆత్మలు మాండోస్ మందిరములను చేరును. మరల దేహము ధరించుటయు కలదు. మనుష్యులు అట్లు కాదు. వారు లోకవలయమునే దాటిపోదురు. ఎచ్చటికో ఎల్ఫులకును తెలియదు. మృత్యువు సృష్టికర్త మనుష్యులకిచ్చిన వరము. ఆ వరమును శాపమని భ్రమించి, అమరభూమిపై దండెత్తిన న్యూమెనోర్ రాజు తన ద్వీపమునే సముద్రమున ముంచుకొన్నాడు. ఆ భూమి అడుగు పెట్టినవారిని అమరులను చేయదు. అమరులు నివసించుటచేతనే దానికా పేరు. మన పరిభాషలో చెప్పవలెనన్న, ఎల్ఫులది చిరంజీవిత్వమే కాని మోక్షము కాదు. అశ్వత్థామకు చావులేకపోవుట శిక్షయని ఎరిగిన మనకు ఈ భేదము సులభముగనే బోధపడును.

అయినను భ్రమ వ్యాపించినది. 2003లో వచ్చిన పీటర్ జాక్సన్ చలనచిత్రము దీనికి కొంత కారణము. ముట్టడిలో భయపడిన పిప్పిన్‌ను ఓదార్చుచు గాండాల్ఫ్ మరణానంతరము కనబడు శ్వేత తీరమును, పచ్చని భూమిని వర్ణించును. దృశ్యము హృద్యము. కాని గ్రంథములో ఆ వర్ణన ఫ్రోడో సముద్రయానాంతమున కన్నుల చూచిన దానిది. చచ్చినవారు చేరు లోకమును గూర్చినది కాదు. మాట ఒకరినుండి మరియొకరికి మారినది. దానితో అర్థమే మారినది.

రచయిత స్వయముగా ఈ విషయమును లేఖలలో విప్పి చెప్పినాడు. 1963 నాటి లేఖ ప్రకారము ఫ్రోడో పోయినది చచ్చుటకు ముందు, సాధ్యమైనచో, స్వస్థత పొందుటకు. కొంతకాలము ఉండి, తరువాత మర్త్యులందరివలె మరణింపవలసినదే. లేఖ కావ్యము కాదని ఆక్షేపింపవచ్చును. మంచిదే, గ్రంథమునే చూతము. అనుబంధములో అరగార్న్ తన ఇచ్చచేత ప్రాణము విడుచుచు, లోకవలయమునకు ఆవల జ్ఞాపకముకంటె ఎక్కువైనది కలదని భార్యకు ధైర్యము చెప్పును. ఆర్వెన్‌కు మాత్రము ఆ వరము చేదుగనే తోచినది. ఆమె ఆకులు రాలిన వనములో ఒంటరిగా కన్నుమూసినది. ఆవల ఏమున్నదో రచయిత వర్ణింపలేదు. ఆశకు చోటుంచినాడు, అంతే.

ఈ భేదమును పట్టుకొని వ్రేలాడుట పండితుల చాదస్తమా? కాదని మా అభిప్రాయము. టోల్కీన్ నాలుగేండ్లకు తండ్రిని, పండ్రెండేండ్లకు తల్లిని పోగొట్టుకొన్నవాడు. 1916లో సోమ్ రణరంగమున నిలిచినవాడు. 1918 నాటికి ఆయన ఆప్తమిత్రులలో ఒక్కడు తప్ప అందరును గతించిరి. యుద్ధమునుండి తిరిగివచ్చినవారందరును నిజముగా తిరిగిరారని ఆయనకు తెలియును. ఫ్రోడో ప్రయాణమును స్వర్గారోహణమని చదివినచో కథ తీయనగును. కాని లోకమును కాపాడినవానికి లోకము పడిన ఋణము పరలోకము పద్దున చేరును. స్వస్థతకై పోయినాడని చదివినచో ఋణము ఇచ్చటనే మిగులును. గాయపడినవానికి బ్రదికియుండగనే విశ్రాంతి కావలెను. కీర్తి కాని, స్వర్గము కాని దానికి బదులు కానేరవు.

కావుననే కథ నౌకతో ముగియలేదు. రేవునుండి శామ్ చీకటిపడు వేళకు ఇల్లు చేరినాడు. దీపము, భోజనము, ఒడిలో కూతురు. అరువదియొక్క సంవత్సరముల పిదప, భార్య గతించిన తరువాత, ఆయనయు ఆ సముద్రమును దాటెనని ఐతిహ్యము. అంతదాక ఆయన తోటలు పెంచినాడు, పిల్లలను పెంచినాడు, ఊరి పెద్దరికము వహించినాడు. ఆవలి తీరమెట్టిదను ప్రశ్నకు టోల్కీన్ ఈవలి తీరముననే ఇంత సమాధానము ఉంచినాడు.