కసం వద్దు, చాసిస్ చూపించండి

పాత జీపు సౌదాలో "అల్లా కసం, ఏ ఐబూ లేదు" అనగానే బయానా ఇచ్చేస్తామెందుకు భాయ్? మా చాచా అలాగే ఇచ్చారు. తుప్పు పట్టిన చాసిస్‌కి పుట్టీ పూసి రంగేశారు. చాచీ గాజులు పోయాయి.

విల్లీస్ గానీ మహీంద్రా గానీ, కిందికి దూరి సుత్తితో తట్టండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది. పెట్రోలు ఇంజను తీసి డీజిల్ ఎక్కించిన బళ్లు బోలెడు. ఆ నంబరు ఆర్సీతో కలవాలి. 15 ఏళ్లు దాటిన బండికి రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఉందా? ఇంజను చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించండి. ఫోర్ వీల్ లివర్ మట్టిలో వేసి చూడండి, తారు రోడ్డు మీద కాదు.

ఇవన్నీ అడిగితే "మా మీద భరోసా లేదా?" అని అలుగుతారు. ఐబ్ దాచి అమ్మడం హరామ్ హుజూర్! దాచింది బయటపడితే సరుకు వాపస్ చేసే హక్కు షరియతే ఇచ్చింది. ఆ హక్కు అడగ్గానే గడ్డం నిమురుకుంటారేం?