బదనిక పేరు రాయండి, చెట్టు జాడ చెప్పకండి

ములుగు, ఏటూరునాగారం దిక్కు నుంచి బస్సెక్కి ఉప్పల్‌లో దిగి ఇక్కడే గదులు తీసుకుని చదువుకుంటున్న అక్కలకు, తమ్ముళ్లకు ఒక మాట. నర్సరీల్లో కుండీ ఆర్కిడ్లు మీరూ చూసే ఉంటరు. అవి సంకర రకాలు, వాటితో నాకు పేచీ లేదు. కానీ ఆర్కిడ్ అంటే ఫారిన్ పువ్వు అని మనోళ్లే అంటే ఊరుకోబుద్ధి కాదు. మన దిక్కు ఇప్పచెట్ల మీద, మామిడిచెట్ల మీద పట్టి ఉండే బదనిక ఏంది మరి? పసుపు రేకుల మీద గోధుమరంగు గళ్లు, నడుమ ఊదా నాలుక. శాస్త్రంలో దాని పేరు వాండా టెస్సెల్లేటా. వాండా అనేది సంస్కృతం నుంచి తీసుకున్న మాటే.

కాకినాడ పక్కన సామర్లకోటలో ఉండి మొక్కలు సేకరించిన రాక్స్‌బర్గ్, కోరమాండల్ తీరపు మొక్కల మీద 1795లో మొదలైన తన పుస్తకంలో దీన్ని వర్ణించిండు. ఆయన పేరు ఇప్పటికీ ఈ మొక్క శాస్త్రనామం పక్కన ఉంటది. ఆ పుస్తకానికి బొమ్మలు గీసిన మన దేశపు చిత్రకారుల పేర్లు మాత్రం చాలావరకు ఎక్కడా లేవు. ఇది మనకు కొత్త కథేం కాదు.

బదనిక అనే పేరు చెట్టు రసం పీల్చే మొక్కలకు కూడా ఉంది. అందుకే దీన్ని చెట్టుకు పట్టిన పీడ అనుకుని పీకేసేటోళ్లున్నరు. ఇది రసం తాగదు. బెరడును పట్టుకుని, గాల్లో వేలాడే వేర్లతో వాన నీళ్లు, తేమ తీసుకుని బతుకుతది, అంతే. దీని గింజ దుమ్ము లెక్క ఉంటది, అందులో తిండి నిల్వ ఉండదు. సరైన శిలీంధ్రం తోడు దొరికితేనే అడవిలో మొలుస్తది. గరుకు తేలిన పాత బెరడు దానికి కావాలె. పూతకు రావాలంటే ఏండ్లు పడతయి.

శిలీంధ్రం లేకుండానే, చక్కెర కలిపిన జెల్లీ మీద ఆర్కిడ్ గింజను మొలిపించొచ్చని 1922లో అమెరికాలో నడ్సన్ చూపించిండు. సీసాల్లో ఆర్కిడ్లు పెంచే వ్యాపారానికి దారి పడింది అక్కడే. మనలో బయాలజీ చదివినోళ్లు ఉప్పల్ రోడ్డు మీద సీసీఎంబీ ముందు నుంచి రోజూ పోతరు గదా, ఈ పని మనమే ఎందుకు నేర్చుకోవద్దు? కానీ సీసాలో వెయ్యి మొక్కలు తీసినా, వాటిని తిరిగి ఎక్కించడానికి పాత చెట్టు ఏది?

అసలు గొడవ ఇక్కడే. 2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం అడవిలో పెనుగాలికి వేల చెట్లు కూలినయి. నేను చదివిన వార్తల్లో పడిన చెట్ల లెక్క ఉంది, కొమ్మల మీద బతికేటివాటి మాట లేదు. అది గాలి చేసిన పని. రోడ్డుకో గనికో అడవి కొట్టి ఇంకోచోట మొక్కలు నాటి, సరిపోయిందని రాసుకోవడం మాత్రం మనుషుల పని. నిన్న నాటిన మొక్క మీద బదనిక నిలవదు.

చట్టం కాపాడుతదా? 2022 సవరణ దాకా వన్యప్రాణి సంరక్షణ చట్టం మొక్కల షెడ్యూల్లో ఆరు పద్దులుంటే మూడు ఆర్కిడ్లవే: నీలి వాండా, ఎర్ర వాండా, లేడీస్ స్లిప్పర్. బదనిక లేదు. దేశాలు దాటే వ్యాపారం మీద సైటీస్ ఒప్పందం ఆర్కిడ్లన్నిటికీ వర్తిస్తది గానీ, కీళ్లనొప్పుల మందుకని ఊళ్లోకొచ్చి వేరు కొనుక్కుపోయేటోనికి అది అడ్డం రాదు.

మన చేతిలో ఉన్నది గ్రామసభ. 2006 అటవీ హక్కుల చట్టం ఐదో సెక్షన్ అడవిని, జీవవైవిధ్యాన్ని కాపాడే అధికారం దానికిచ్చింది. 2002 జీవవైవిధ్య చట్టం కింద ఊరూరికీ ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలె. మీ ఊరి రిజిస్టరు ఎవరు రాసిండ్రు, ఎవరినడిగి రాసిండ్రు? ఈసారి ఊరికి పోయినప్పుడు తీయించి చూడుండ్రి. పెద్దమ్మలను, తాతలను కూర్చోబెట్టి వాళ్ల నోటి పేరు వాళ్ల భాషలోనే రాయించుండ్రి. ఏ చెట్ల మీద పడతది, ఏ నెలల పూస్తది, అదీ రాయించుండ్రి. ఫలానా వాగు, ఫలానా చెట్టు అని మాత్రం రాయొద్దు. ఫొటో పెడితే ఫోన్లో లొకేషన్ బంద్ చేసి పెట్టుండ్రి.