ర్యాంకు లేని పరీక్ష

నంద్యాలలో కాపురముండేవాళ్ళకు పరీక్షలు కొత్తేమీ కాదండీ. బ్యాంకు పరీక్షల కోచింగు కోసం ఏయే జిల్లాల నుంచో పిల్లలు వచ్చి ఇక్కడ గదులు తీసుకుని చదువుతారు. మా మేడమీది రెండు గదుల్లోనూ ఎప్పుడూ నలుగురైదుగురు ఉంటారు. పరీక్షకు పోయేరోజు పొద్దున్నే కిందికి దిగి "ఆంటీ, కాస్త ఎదురు రండి" అని పిలుస్తారు. నేను నీళ్ళ చెంబు పట్టుకుని ఎదురు వస్తాను. ఫలితాల రోజు మెట్లమీద చెప్పుల చప్పుడును బట్టే పాసో ఫెయిలో చెప్పేయగలను. ఇంత అనుభవం ఉన్న నాకే ఒక పరీక్ష అంతు పట్టలేదు. ఆ కథే ఈ వారం చెబుతాను. అందులో నా తప్పు కూడా ఉంది.

మా చెల్లెల్ని ఆళ్ళగడ్డలో ఇచ్చాం. ఇక్కడికి బస్సులో గంట ప్రయాణం. మా మరిదికి బజారులో స్టీలు సామాన్ల అంగడి. ఒక్కతే కూతురు. 2020లో కరోనా వచ్చి పరీక్షలు రద్దయితే, రాయకుండానే పదో తరగతి పాసైన బ్యాచి అది. బడి లేక ఇంట్లో కూర్చున్న ఆ రోజుల్లో ఫోనులో జపాను బొమ్మల సినిమాలు చూసీ చూసీ, ఆ భాషే నేర్చుకోవడం మొదలుపెట్టింది. నాలుగు రోజుల ముచ్చటలే అనుకున్నాం. ఇంటరు అయ్యాక 2022లో "జపానులో ఇంజనీరింగ్ చదువుతా" అని కూర్చుంది! మా మరిది రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. ఆఖరికి ఒక మాటకు వచ్చాడు. "ఒక్కసారి రాయి. ఒక్కసారే. రాకపోతే వచ్చే ఏడు కౌన్సెలింగులో ఈడనే బి.టెక్కులో చేరాల."

ఆ పరీక్షను ఇ.జె.యు. అంటారు. బయటి దేశాల పిల్లలు జపాను విశ్వవిద్యాలయాల్లో డిగ్రీ చదువుకు పోవాలంటే రాసేది. 2002లో మొదలైంది. ఏడాదికి రెండుసార్లు, జూన్‌లో ఒక ఆదివారం, నవంబరులో ఒక ఆదివారం. పొద్దున జపాను భాష, 125 నిమిషాలు. మధ్యాహ్నం సైన్సు 80 నిమిషాలు, ఆ తర్వాత లెక్కలు 80 నిమిషాలు. సైన్సూ లెక్కలూ ఇంగ్లీషులో కూడా రాసుకోవచ్చు. భాషకు 450 మార్కులు, మిగతా రెండింటికీ తలా 200. అందులో ఇంత వస్తే పాసు, ఇంతకు తగ్గితే ఫెయిలు అనేది లేదు. ర్యాంకు పట్టుకుని సీటు తెచ్చుకునే కౌన్సెలింగూ లేదు. వచ్చిన మార్కులు చేతబట్టుకుని ఒక్కో విశ్వవిద్యాలయం తలుపూ తట్టాలి. ఈ సంగతి మాకెవరికీ అప్పుడు బుర్రకెక్కలేదు.

2023 జూన్ 18న ఢిల్లీలో పరీక్ష. తండ్రీ కూతురూ కర్నూలు పోయి అక్కడ రైలెక్కారు. ఆళ్ళగడ్డ వాళ్ళు కదా, ముందు అహోబిలం పోయి నరసింహస్వామికి మొక్కుకుని మరీ బయలుదేరారు. దారిలోకి తిండి కట్టే పని నాకు పడింది. ఎండాకాలపు రైలు ప్రయాణానికి నా పద్ధతి చెబుతాను, పనికొస్తుంది. మొదటి పూటకు చింతపండు పులిహోర. పెరుగన్నం కలిపి పెడితే సాయంత్రానికి పులిసిపోతుంది కాబట్టి, మెత్తగా వండిన అన్నంలో కాచి చల్లార్చిన పాలు పోసి, ఒక్క చెంచా పెరుగు వేసి కలపండి. తినే వేళకు కమ్మగా తోడుకుని ఉంటుంది. రెండో రోజుకు బాగా కాల్చి ఆరబెట్టిన పలుచటి జొన్నరొట్టెలు, చెనక్కాయల పొడి. కప్పు చెనక్కాయలు దోరగా వేయించి పొట్టు తీసి, ఆరు వేయించిన ఎండుమిరపకాయలు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, కాస్త జీలకర్ర, ఉప్పు వేసి దంచాలి. మిక్సీలో వేసేవాళ్ళు ఆపి ఆపి తిప్పండి, లేకుంటే నూనె ఊరి ముద్దవుతుంది. ఊరగాయ సీసా మాత్రం హాల్‌టికెట్టు ఉన్న సంచీలో పెట్టకండి. నేను పెట్టాను. కాగితం మూల ఇంత నూనె మరక! పాపం, ఆ పిల్ల నన్ను ఒక్క మాట అనలేదు.

పరీక్ష అయిన సాయంత్రం ఫోను చేస్తే "బాగానే రాసినా పెద్దమ్మా" అంది. అంతే, నా నోరు ఆగిందా? వీధిలో చెప్పాను, గుడిలో చెప్పాను, ఒక పెళ్ళిలో బంతి మీద కూర్చుని అటూ ఇటూ ఉన్న ఇద్దరికీ చెప్పాను. నాలుగో మనిషికి చెప్పేసరికి "సీటు వచ్చినట్టే" దాకా పోయింది నా మాట. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! ఆళ్ళగడ్డలో ఆ పిల్ల బజారుకు పోతే "జపాను పాప ఎప్పుడు పోతావుంది?" అని అడగడం మొదలుపెట్టారు. అది బయటికి రావడం మానేసింది.

జులైలో ఒకరోజు చెప్పకుండా బస్సెక్కి మా ఇంటికి వచ్చింది. నేను మటిక్కాయలు (మీ వైపు గోరుచిక్కుడు అంటారు) తుంచుతున్నాను. పక్కన కూర్చుని అదీ తుంచుతూ, తల ఎత్తకుండా చెప్పింది.

"పెద్దమ్మా, నేను బాగా రాయలేదు."

భాష పేపరులో వినే భాగం ఒకటుంది. రికార్డు వేస్తారు, ఒక్కసారే. మళ్ళీ వెయ్యరు. కొన్ని ప్రశ్నలకు కాగితం మీద బొమ్మో పట్టికో ఉంటుంది. కొన్నిటికి ఏమీ ఉండదు, విని గుర్తు పెట్టాల్సిందే. ఒక ప్రశ్న దగ్గర అనుమానం వచ్చి ఆలోచిస్తుంటే, తర్వాతివి రెండు దాటిపోయాయట. ఆ కంగారు చివరిదాకా వదల్లేదట.

"నాయనకు చెప్పినావా?"

"ఎట్ల చెప్పాల? ఒక్కసారే అన్నాడు గదా."

వచ్చిన పని అప్పుడు చెప్పింది. నవంబరు పరీక్షకు ఫారం జులైలోనే పెట్టాలి. జూన్ మార్కులు వచ్చేదీ జులై ఆఖర్లోనే. అవి చూసి తండ్రిని అడిగి ఒప్పించేలోపల గడువు దాటిపోతుంది. ఫారం డబ్బు కావాలి. నేను లేచి చేతులు కడుక్కుని, మేడమీది అద్దె డబ్బు దాచే బియ్యం డబ్బాలోంచి తీసి ఇచ్చాను. మంచి పని చేశానని చెప్పుకోవడం లేదు. ఊరంతా చాటిన నోటికి అది జరిమానా అనుకున్నాను. పెద్దవాళ్ళకు తెలియకుండా పిల్లలకు డబ్బివ్వడం తప్పని ఇదే పేజీలో ఒకప్పుడు రాసినదాన్ని నేనే!

మార్కులు వచ్చాయి. లెక్కల్లో 200కి 151. భాషలో 450కి 198. మరిది నన్ను పిలిపించాడు. కాగితం నా ముందు పెట్టి అడిగాడు.

"వదినా, ఇది పాసా, ఫెయిలా?"

"అందులో పాసూ ఫెయిలూ ఉండవు నాయనా" అంది పిల్ల.

"మరి ఉండేదేంది?"

దానికి ఎవరం సరిగ్గా జవాబు చెప్పలేకపోయాం. ఆ రోజు వాళ్ళింటి ఎదురుగా రోడ్డుపక్క షెడ్డులో శిల్పాలు చెక్కేవాళ్ళ ఉలి చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు. మా చెల్లెలు వంటింట్లో నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. అప్పుడు పిల్లే, విననిదీ, దాటిపోయినదీ, జూన్‌లో అబద్ధం చెప్పినదీ అన్నీ తండ్రికి చెప్పేసింది. నవంబరుకు ఫారం పెట్టేశానని కూడా చెప్పింది. డబ్బు ఎక్కడిదని ఎవరూ అడగలేదు. మరిది లేచి అంగడికి పోయాడు. రాత్రి అన్నాల దగ్గర "నవంబరులో ఎన్నో తారీఖు?" అన్నాడు. పన్నెండు. గోడమీది క్యాలెండరు తిప్పి చూస్తే ఆ రోజే దీపావళి!

ధనత్రయోదశి, దీపావళి అంటే స్టీలు అంగడికి ఏడాదిలోకెల్లా పెద్ద బేరం. వదిలి రావడం కుదరదు. చెల్లెలికి హిందీ రాదు, రైలంటే భయం. చివరికి నేనే బయలుదేరాను. పెళ్ళయ్యాక దీపావళికి ఇల్లు వదలడం నాకదే మొదలు. మేడమీది పిల్లలకు తాళం ఇచ్చి, "గడపలో రెండు దీపాలు పెట్టండి నాయనా" అని చెప్పి పోయాను.

రెండు రోజుల ముందే వాన పడి ఢిల్లీ గాలి కాస్త తేటపడింది. పొద్దున్నే ఉప్మా చేయించి పెడితే నాలుగు ముద్దలు తింది. హాల్‌టికెట్టు, పాస్‌పోర్టు, పెన్సిళ్ళు, రబ్బరు... సంచీ మూడుసార్లు చూశాను. (ఊరగాయ లేదు!) దాన్ని లోపలికి పంపి గేటు బయట కూర్చున్నాను. నాలాంటివాళ్ళు ఇంకా కొందరున్నారు, తలా ఒక భాష. ఒకామె నాకు మిఠాయి ఇచ్చింది, నేను ఆమెకు నువ్వుల ఉండ ఇచ్చాను. మధ్యాహ్నం విరామంలో పిల్ల కనపడితే, నోటిదాకా వచ్చిన "ఎట్ల రాసినావు?"ను మింగేశాను. పొట్ట బరువయ్యేలా పెట్టకూడదని రెండు ఇడ్లీలు, ఒక అరటిపండు ఇచ్చాను. అంతే.

సాయంత్రం బయటికి వచ్చేసరికి ఊరంతా టపాకాయలు. మర్నాడు రైల్లోనూ నేనేమీ అడగలేదు. నన్నెరిగినవాళ్ళు ఇది నమ్మరు! నాగపూరు దాటాక తనే అంది.

"పెద్దమ్మా, ఈసారి ఒక ప్రశ్న వదిలేసినా."

"అయ్యో, ఏంటికే?"

"తెలియలేదు. ఆలోచిస్తే తర్వాతివి పోతాయని వదిలేసినా."

అని జొన్నరొట్టె విరుచుకుని తినడం మొదలుపెట్టింది.

డిసెంబరు ఆఖర్లో భాషలో 268 వచ్చాయి. ఇక అయిపోయిందనుకున్నాం. అసలు పని అప్పుడే మొదలైంది! ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు చాలావరకు ఈ మార్కులు చూడటమే కాక, తమ పరీక్షకో ఇంటర్వ్యూకో జపాను రమ్మంటాయి. కొన్ని ప్రైవేటువి మాత్రం ఈ మార్కులూ, కాగితాలూ చూసి, వీడియోలో మాట్లాడి, ఇక్కడ ఉండగానే సీటు ఇస్తాయి. ప్రభుత్వపు వాటిలో ఏడాది ఫీజు మామూలుగా 5,35,800 యెన్లు, అంటే మన లెక్కలో మూడు లక్షలకు అటూ ఇటూ. చేరేటప్పుడు కట్టేది ఇంకో 2,82,000 యెన్లు. కొన్ని ఈమధ్య పెంచాయి కూడా. ప్రైవేటులో ఇంకా ఎక్కువే. ఈ పరీక్షలో బాగా పై మార్కులు వచ్చినవాళ్ళకు నెలనెలా డబ్బిచ్చే స్కాలర్‌షిప్పు ఉంది. మా పిల్లకు అది రాలేదు. దానికి ఇష్టమైన ప్రభుత్వ విశ్వవిద్యాలయమూ దొరకలేదు.

అక్కడ చదువుల సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది. 2024 ఏప్రిల్‌కు దరఖాస్తుల తేదీలు చాలాచోట్ల అప్పటికే దాటిపోయాయి. మార్కులు రెండేళ్ళు చెల్లుతాయి కాబట్టి బతికాం. ఆ ఏడాదంతా ఆళ్ళగడ్డలో ఒక చిన్న బడిలో లెక్కలు చెప్పింది. దానితో చదివినవాళ్ళు బి.టెక్కు మూడో ఏటికి వచ్చారు. రెండు సంబంధాలు కూడా వచ్చాయి. మరిది "చదువుకుంటా ఉంది" అని పంపేశాడు. ఆ మాట అన్నరోజు మా చెల్లెలు నాకు ఫోను చేసి ఏడ్చింది, సంతోషంతోనే.

ఆ ఏడు చివర్లో ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయం ఫీజులో కొంత తగ్గించి సీటు ఇచ్చింది. తర్వాత అక్కడి ఇమిగ్రేషను వాళ్ళ నుంచి ఒక అర్హత పత్రం రావాలి. విశ్వవిద్యాలయమే పెట్టి తెప్పిస్తుంది గానీ వారాలూ నెలలూ పడుతుంది. అది వస్తేనే వీసా. మన రాష్ట్రం చెన్నైలోని జపాను కాన్సులేటు పరిధిలోకి వస్తుంది. ఇక్కడ ఒక్క మాట. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా, ఆధారులో ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో ఇంకో రకం... ఇలా ఉంటే ముందే సరిచేయించుకోండి. మేము సీటు వచ్చాక పరుగెత్తాం.

2025 ఏప్రిల్‌లో వెళ్ళింది. అనుమతి తీసుకుంటే వారానికి 28 గంటల దాకా పని చేసుకోవచ్చట, ఒక హోటల్లో గిన్నెలు కడుగుతోంది. స్టీలు సామాన్ల అంగడివాడి కూతురు గదా, తళతళా కడుగుతుందని వాళ్ళ నాయన అందరికీ చెప్పుకుంటున్నాడు. చెనక్కాయల పొడి పంపమని మొన్న ఫోను చేసింది. పరీక్షలు ఎట్ల రాసిందో నేను అడగలేదు.

ఇక ఆ రెండో ఫారం డబ్బు ఎవరిచ్చారో మా చెల్లెలికి ఇంతవరకూ తెలియదు. ప్రతి వారం ముందు ఈ పేజీయే తిప్పుతుంది. గురువారం ఫోను వస్తుంది నాకు!