మీ వయసెంతండీ?

ముక్కూమొహం తెలియని మనిషి ఎదురొచ్చి, పేరు చెప్పిన మరుక్షణమే 'మీ వయసెంత?' అని అడిగితే ఎలా ఉంటుంది? నాకైతే చిర్రెత్తుకొచ్చింది.

వియత్నాం రాజధాని హనోయ్. ఊరి నడిబొడ్డున హోన్ కియెమ్ సరస్సు. 2016 నుంచీ శుక్రవారం సాయంత్రం మొదలు ఆదివారం రాత్రి దాకా చుట్టుపక్కల వీధుల్లోకి బళ్లను రానివ్వరు. జనమంతా కాలినడకే. విదేశీయులు కనిపిస్తే చాలు, ఇంగ్లిషు మాట్లాడటం అలవాటు చేసుకోవాలని కాలేజీ పిల్లలు వచ్చి పలకరిస్తారు. ఓ ఆదివారం అలా వచ్చిందే ఆ అమ్మాయి. పేరూ ఊరూ అయ్యాక అడిగింది... వయసెంతని! 'అది నీకెందుకు?' అన్నాను కటువుగా. పాపం, మొహం చిన్నబుచ్చుకుని, 'సారీ' చెప్పి వెళ్లిపోయింది.

రాత్రి హోటల్ రిసెప్షన్‌లో కుర్రాడితో ఈ సంగతే చెబితే నవ్వేశాడు. 'వయసు తెలియకపోతే మిమ్మల్ని ఏమని పిలవాలి?' అన్నాడు.

అప్పుడర్థమైంది. ఎదుటి మనిషి ఎవరైనా ఇంగ్లిషులోలా ఒక్క 'యూ'తో సరిపెట్టరక్కడ. మామూలు పలకరింపులోనూ ఓ చుట్టరికం ఉంటుంది. తనకన్నా కాస్త పెద్దయిన ఆడవాళ్లను 'చి' అంటారు. మన చెవికి మరోలా వినిపిస్తుందిగానీ, అర్థం అక్క! చిన్నవాళ్లు 'ఎమ్'. బాబాయి వయసువాళ్లు 'చూ'. అమ్మానాన్నలకన్నా పెద్దవాళ్లు 'బాక్'... మన పెద్దమ్మా, పెద్దనాన్నా అన్నమాట. వరస కలపాలంటే వయసు తెలియాలిగా!

ఆటో అతన్ని 'అన్నా' అనీ, కూరగాయలమ్మే ఆవిణ్ని 'అక్కా' అనీ పిలుస్తూ పెరిగినదాన్ని. ఆ పిల్ల నన్ను అక్కని చేసుకుందామని వస్తే, పరాయిదాన్ని చేసి పంపేశాను. మనసు చివుక్కుమంది.

మర్నాడు మళ్లీ వెళ్లాను. ఆ అమ్మాయి కనిపించలేదు. రోడ్డు పక్కన చిన్న ప్లాస్టిక్ స్టూళ్లు వేసుకుని ఐస్ టీ అమ్ముతున్న పెద్దావిడ దగ్గర కూర్చున్నా. ఈసారి నేనే 'చావ్ బాక్' అని పలకరించాను. వాళ్ల భాషలో ఆరు స్వరాలున్నాయి. నా మాట ఏ స్వరంలో పడిందోగానీ, ఆవిడ పడీపడీ నవ్వి, మూడుసార్లు పలికించి సరిదిద్దింది. నా వయసు వేళ్లమీద లెక్కపెట్టి చూపించాను. తను కాగితం మీద 67 అని రాసింది. నేను అమ్మ ఫొటో చూపిస్తే, ఆవిడ మనవడి ఫొటో చూపించింది. మూడోరోజు నేను కనిపించగానే పిలిచి స్టూలు వేసింది. ఆ ఊళ్లో ఎన్నో చూశాను. ఇంటికొచ్చాక అమ్మకు ముందుగా చెప్పింది మాత్రం ఆ స్టూలు గురించే.

పరాయి దేశం వెళ్తున్నారా? పలకరింపుకొకటి, కృతజ్ఞతకొకటి, పెద్దవాళ్లను పిలిచేందుకొకటి... మూడు మాటలు నేర్చుకోండి. ఒకే టీకొట్టుకు రెండోసారి వెళ్లండి. హనోయ్ అయితే, 2006లో మొదలైన 'హనోయ్‌కిడ్స్' విద్యార్థులు ఊరు చూపిస్తారు. ఫీజు ఉండదు, ప్రవేశ టికెట్లూ దారిఖర్చులూ మనవి. ముందుగా అడిగి పెట్టుకోవాలి.

అన్నట్టు, అక్కడెవరైనా వయసడిగితే నాలా కసురుకోకండి. వరస కలుపుతున్నారేమో!