చిరునామా గడి

బ్యాంకు కౌంటరు వెనుక కూర్చున్నవాడికి మనుషులు ముందుగా ఫారాలలాగే కనిపిస్తారు. నేనూ అంతే.

2009లో నేను పనిచేస్తున్న బ్రాంచికి (పేరెందుకు లెండి) నలభై ఏళ్ళావిడ ఒకామె వచ్చింది. హోటల్లో అంట్లు తోమే పని. కొంగుముడి విప్పి పదిరూపాయల నోట్లు బల్లమీద పెట్టి, "ఖాతా తెరవండి బాబూ" అంది. ఫారం నేనే నింపడం మొదలుపెట్టాను. పేరు, వయసు అయ్యాయి. చిరునామా దగ్గర కలం ఆగింది. అత్తవారింట గెంటేశారు. పుట్టింట్లో చోటు లేదు. రాత్రిళ్ళు స్టేషన్లో పడుకుంటోంది. "ఏం రాయమంటారు బాబూ?" అని నన్నే అడిగింది. పరిచయం చేసే ఖాతాదారు ఎవరైనా ఉన్నారా అన్నాను. లేరు. రూల్సు చెప్పి పంపేశాను. ఆ సాయంత్రం బస్సులో చమఖండి తిరిగి వస్తూ, నా తప్పేం లేదని చాలాసార్లు చెప్పుకున్నాను. ఆమె మళ్ళీ రాలేదు.

2010 చివర్లో 'చిన్న ఖాతా' నిబంధన వచ్చింది. ఏ కాగితమూ లేకపోయినా ఫోటో, ఆఫీసరు ఎదుట సంతకమో వేలిముద్రో చాలు. నిలవ 50,000 దాటకూడదు, నెలకు 10,000 మించి తీయకూడదు. అయితే గడువు 12 నెలలే. ఈలోగా గుర్తింపు పత్రానికి దరఖాస్తు చేసుకున్నట్టు చూపిస్తే మరో 12 నెలలు. అంటే మళ్ళీ కాగితం దగ్గరికే వచ్చాం.

మన గంజాం వాళ్ళకు తుపాను షెల్టరు కొత్త కాదు. 2013లో ఫైలిన్ వచ్చినప్పుడు అక్కడ తలదాచుకున్నవాళ్ళు తర్వాత, గోడలే మిగిలినా, తమ ఇంటి స్థలానికి తిరిగి వెళ్ళారు. వెళ్ళడానికి ఏమీ లేని ఆడమనిషికి ఒక్క రాత్రి నీడ సరిపోదు. కొంతకాలం నిలకడగా ఉండే చోటు కావాలి.

ప్రభుత్వం 1969లోనే ఇందుకోసం స్వల్పకాల వసతి గృహాల పథకం పెట్టింది. 2001-02లో స్వాధార్ వచ్చింది. తర్వాత రెండూ కలిసి స్వాధార్ గృహం అయ్యాయి. 2022 నుంచి పేరు శక్తి సదన్. పేర్లు మార్చడంలో మనవాళ్ళకు అలుపు లేదు! స్వాధార్ గృహం నిబంధనల్లో గృహహింస బాధితురాలికి ఏడాది, మిగతావారిలో చాలామందికి మూడేళ్ళ దాకా గడువు ఉండేది. కోర్టు వాయిదాలకే ఆ ఏడాది చాలదని నా అభిప్రాయం. భోజనం, వైద్యం, వృత్తి శిక్షణ, న్యాయసహాయం అన్నీ అవసరమే. నా కళ్ళు మాత్రం వేరేదానిమీద పడతాయి. గుర్తింపు పొందిన ఆశ్రయ గృహం సూపరింటెండెంటు ధ్రువపత్రం ఇస్తే ఆధార్‌లో చిరునామాకు అది చెల్లుతుంది. ఆ ఒక్క కాగితంతో ఖాళీ గడి నిండుతుంది.

చోటు లేకపోతే చదువు కూడా ఆగిపోతుందని దుర్గాబాయి దేశ్‌ముఖ్‌కు అనుభవమే. ఆడపిల్లలకు హాస్టలు లేదని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో సీటివ్వమంటే, ఆవిడ పత్రికలో ప్రకటన వేసి, తనలాంటి అమ్మాయిలను పోగుచేసి, తామే హాస్టలు నడుపుకున్నారు. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళాసభ స్థాపించింది ఆవిడే. ఎనిమిదో ఏట పెళ్ళయి, ఆ బంధంలోంచి బయటికి వచ్చిన మనిషి. ముందు చోటు, తర్వాతే మిగతావన్నీ అని ఆవిడకు ఎవరూ చెప్పక్కర్లేదు.

శక్తి సదన్‌లో ఒక ఏర్పాటు నాకు నచ్చింది. ప్రతి మహిళ పేరా ఖాతా తెరిచి నెలకు 500 వేస్తారు. వెళ్ళేటప్పుడు వడ్డీతో సహా ఆమెదే. ఏడాదికి 6,000. గది అడ్వాన్సు, ఒక స్టవ్వు, నాలుగు గిన్నెలు కొనేసరికి ఖాళీ! అయినా అత్తవారింటి నుంచి వట్టి చేతులతో వచ్చిన మనిషికి తన పాసుబుక్కులో తన అంకె కనిపించడం చిన్న సంగతి కాదు. అసలు చిక్కు ఆ డబ్బుతో గది కోసం బయలుదేరినప్పుడు. "ఒంటరి ఆడమనిషికి అద్దెకివ్వం" అనేది మనమే కదా, సంఘ సభ్యులతో సహా.

2019లో ఇంకొకామె వచ్చింది. చేతిలో ఆశ్రయ గృహం వార్డెను ఇచ్చిన పత్రం. పది నిమిషాల్లో ఖాతా తెరిచాం. ఏడాదిన్నర తర్వాత మళ్ళీ వచ్చి, చిరునామా మార్చాలి, ఫారం ఇమ్మంది. టైలరింగు చేసుకుంటూ గది తీసుకుందట. నేను నింపబోతే, "ఉండండి బాబూ, నేను రాస్తాను" అని కలం తీసుకుంది. డోరు నెంబరు రాసి, తప్పేమో అని సంచిలోంచి అద్దె రసీదు తీసి సరిచూసుకుంది.